అక్టోబరు అమ్మది, చివరి రోజు నాన్నది

మా గుంటూరు ఇంట్లో రెండు సంఘాల క్యాలెండర్లు ఉండేవి. ముందు గదిలోది లూథరన్ అనే ప్రొటెస్టెంటు సంఘానిది, అంటే నాన్నది. వంటింటి తలుపు పక్కనున్నది ఆర్.సి.యం., అంటే రోమన్ కతోలిక గుడి నుంచి తెచ్చింది, అమ్మది. నాకు చదవడం వచ్చింది ఆ రెండిటి మీదే. ఒకే ఆదివారానికి రెండు పేర్లుండేవి. నాన్న క్యాలెండర్లో ‘త్రిత్వము తరువాత 11వ ఆదివారము’ అని ఉంటే, అమ్మ దాంట్లో అదే రోజుకి ‘సామాన్య కాలపు 20వ ఆదివారము’ అని ఉండేది. ఏది కరెక్టు అని అడిగితే నాన్న చెప్పారు: "వాళ్ళు జనవరిలో లెక్క మొదలుపెట్టి, ఈస్టర్ ముందొచ్చే శ్రమల కాలంలో ఆపి, పెంతెకొస్తు తర్వాత మళ్ళీ అందుకుంటారు. మనం పెంతెకొస్తు మరుసటి వారమొచ్చే త్రిత్వ ఆదివారం దాటాక మొదలుపెడతాం. ఎవరి లెక్కలో తప్పు లేదమ్మా." నాన్న హైస్కూల్లో సోషల్ మాస్టారు. తేదీలంటే ఆయనకి ప్రాణం.

అమ్మ పుట్టిల్లు ఫిరంగిపురం. గుంటూరు నుంచి నరసరావుపేట రోడ్డులో వెళ్తే వస్తుంది. అక్కడ ఊరంతా పండుగల మీదే నడుస్తున్నట్టుండేది. జూలై 16 వస్తే కొండ మీద కార్మెల్ మాత ఉత్సవం. ఆగస్టు 15న బడిలో జెండా ఎగరేసి వచ్చేసరికి గుడిలో మరియమాత మోక్షారోపణ పండుగ. సెప్టెంబరు 8 మరియమాత పుట్టినరోజు. ఫిబ్రవరి 11కి అమ్మమ్మ గుణదల వెళ్ళి తీరాల్సిందే. ఫ్రాన్సులో లూర్దులో మరియమాత 1858లో దర్శనమిచ్చిన రోజు అది. విజయవాడ కొండ దగ్గర మూడు రోజులు ఇసకేస్తే రాలనంత జనం. తలనీలాలు ఇచ్చేవాళ్ళు, కొవ్వొత్తులు పట్టుకుని కొండెక్కేవాళ్ళు, కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు. వాళ్ళలో క్రైస్తవులెవరో, కానివాళ్ళెవరో ఎవరూ అడిగేవారు కాదు.

నాయనమ్మకి ఇదంతా కొత్త. "ఇన్ని పండగలుంటే పనులెప్పుడు చేసుకుంటారే మీ అమ్మమ్మా వాళ్ళు?" అనేది. అమ్మమ్మేమో నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని "మరియమ్మ తల్లికి ఒక్క రోజు కూడా లేకుండా ఏడాదంతా ఎట్టా గడుపుతారమ్మా మీ నాయన వాళ్ళు?" అని నిజంగా బాధపడేది. రెండు వైపులా ప్రేమే ఉంది కాబట్టి ఈ మాటలు అటూ ఇటూ మోసినా నా వల్ల ఎప్పుడూ గొడవ రాలేదు.

లూథరన్ క్యాలెండర్లో పండుగలు తక్కువే గానీ, ఉన్నవాటిని మావాళ్ళు గట్టిగా పట్టుకున్నారు. జూలై 31 అలాంటిది. 1842లో ఆ రోజున లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు గుంటూరులో అడుగుపెట్టారు. ఫాదర్ హయ్యర్ అని మా పెద్దవాళ్ళు పిలుచుకునేవారు. ఆయన పేరు చెప్పేటప్పుడు నాయనమ్మ గొంతు మారిపోయేది. ఆమెకి అక్షరం ముక్క వచ్చిందంటే, వాళ్ళమ్మకి ఆసుపత్రిలో క్షేమంగా కాన్పు అయిందంటే, దాని మొదలు ఆ తేదీ దగ్గరుంది. ఫిరంగిపురంలో జూలై 31 మామూలు రోజు. లోయొలా ఇగ్నాసు అనే పునీతుని (సెయింట్) పండుగ అని అమ్మ క్యాలెండర్లో చిన్న అక్షరాల్లో ఉండేది.

అన్నిటికన్నా నాకు బాగా గుర్తున్న నెల అక్టోబరు. కతోలికులకి అది జపమాల నెల. రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అమ్మ వంటింట్లో చాప వేసి జపమాల చెప్పుకునేది. నేను పక్కన కూర్చుని పూసలు లెక్కపెట్టేదాన్ని. నాన్న ముందు గదిలో పేపర్లు దిద్దుకుంటూ ఉండేవారు, రేడియో మాత్రం పెట్టేవారు కాదు. ఇలా ముప్ఫై రోజులు నడిచాక, 31వ తేదీ సంస్కరణ దినం వచ్చేది. 1517లో విట్టెన్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్ తన 95 వాదాలను బయటపెట్టిన రోజు. ఆ దగ్గరి ఆదివారం మా గుడిలో బలిపీఠం మీద ఎర్ర వస్త్రం పరిచేవారు, ప్రసంగంలో పోపు గారి ప్రస్తావన వచ్చేది. అమ్మ ఆ రోజు కూడా నాన్నతో పాటు గుడికొచ్చి, స్త్రీల వైపు చివరి వరసలో కూర్చునేది. ప్రసంగంలో మాట కాస్త ఘాటుగా పడ్డప్పుడు నాన్న తల దించుకోవడం నేను చూశాను.

అందుకే 1999 నాకు గుర్తుంది. ఆ ఏడు అక్టోబరు 31నే, జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య వాళ్ళూ కతోలిక సంఘం వాళ్ళూ కూర్చుని, మనిషి దేవుని కృప వల్ల నీతిమంతుడవుతాడన్న విషయంలో ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. లూథర్ కాలంలో సంఘం చీలింది సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే. నాన్న ఆ వార్త ఉన్న పేపరు ముక్క కత్తిరించి, అమ్మ క్యాలెండర్లో అక్టోబరు పేజీకి గుండుసూదితో గుచ్చారు. అమ్మ చదివి ఏమీ అనలేదు. ఆ రాత్రి జపమాల చెప్పుకుంటున్నప్పుడు నాన్న కూడా వచ్చి చాప మీద కూర్చున్నారు.

ఇక శ్రమల కాలం. విభూది బుధవారం నాడు అమ్మ నుదుట బూడిద సిలువతో వచ్చేది. కిందటేడు మట్టల ఆదివారానికి వాడిన మట్టలనే కాల్చి ఆ బూడిద చేస్తారు. ప్రతి శుక్రవారం సిలువ మార్గం, 14 స్థలాలు, ఒక్కో స్థలం దగ్గర మోకాళ్ళూనడం. నాయనమ్మ వైపు మోకాళ్ళ పని తక్కువ, చెవుల పని ఎక్కువ. శుభ శుక్రవారం మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా సిలువ మీది ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు. తెల్లచీరలు, ఫ్యాన్లు తిరగని ఎండ, ఉపవాసం, మూడో మాట దగ్గరకొచ్చేసరికి పిల్లలం నిద్రకి తూలేవాళ్ళం. అయినా ‘నేను దప్పిగొనుచున్నాను’ అన్న అయిదో మాట చెప్పేటప్పుడు గుడిలో ఒక్కరు కూడా నీళ్ళు ముట్టేవారు కాదు. ఆ దాహం ఇప్పటికీ నా నాలుకకి గుర్తుంది.

ఈస్టర్ రాత్రి మాత్రం నాకు రెట్టింపు దక్కేది. శనివారం సాయంత్రానికి అమ్మా నేనూ ఫిరంగిపురం చేరేవాళ్ళం. రాత్రి గుడిలో దీపాలన్నీ ఆర్పేసేవారు. బయట మంట వేసి, ఫాదర్ గారు దాన్ని ఆశీర్వదించి, మనిషంత ఎత్తున్న పాస్కా వత్తిని, అంటే ఈస్టర్ కొవ్వొత్తిని, దాంతో వెలిగించి లోపలికి తెచ్చేవారు. ఆ ఒక్క వత్తి నుంచి ముందు వరస, వాళ్ళ నుంచి వెనక వరస, అలా వెలుగు నా చేతిలోని చిన్న కొవ్వొత్తి దాకా వచ్చేది. గురువారం నుంచి మూగగా ఉన్న గంటలు మహిమ గీతం అందుకోగానే ఒక్కసారిగా మోగేవి. అమ్మమ్మ నా చెవిలో చెప్పేది: "నా చిన్నప్పుడు ఇదంతా శనివారం పొద్దున్నే చేసేవాళ్ళే. వెలుగులో వెలుగు తెచ్చేవాళ్ళం." అది నిజమేనని తర్వాత తెలిసింది. వందల ఏళ్ళుగా పగటికి జరిగిపోయిన ఆ జాగరణను పన్నెండో పయస్ పోపు గారు 1950లలో మళ్ళీ రాత్రికి మార్చారు. ఒకే సంఘంలో, ఒకే మనిషి జీవితంలో పండుగ వేళ మారిపోయిందన్నమాట. పునీత తోమా గారి పండుగ కూడా అలాగే. మన దేశానికొచ్చిన అపొస్తలుడని చెప్పుకునే ఆయన రోజు అమ్మమ్మ చిన్నప్పుడు డిసెంబరు 21. 1969లో రోము క్యాలెండర్‌ను సరిదిద్దినప్పుడు దాన్ని జూలై 3కి మార్చారు. నాన్న క్యాలెండర్లో డిసెంబరు 21 అలాగే ఉండిపోయింది. దాంతో అమ్మమ్మకి తన చిన్ననాటి తేదీ అల్లుడి ఇంట్లో దొరికేది. అది చూసినప్పుడల్లా ఆమె ముఖంలో కనిపించే సంతోషం నాకు భలే ఇష్టం.

జాగరణ పూజ అయ్యాక కాసేపు కునుకు తీసేవాళ్ళం. ఇంకా చీకటుండగానే నాన్న స్కూటరేసుకుని వచ్చేసేవారు. నాన్న ముందు నేను నిలబడి, వెనక అమ్మ, చలిగాలిలో గుంటూరు దారి. తెల్లవారక ముందే సమాధుల తోటకి చేరాలి. మా లూథరన్ల ఈస్టర్ అక్కడే మొదలవుతుంది. ముందు రోజే సున్నాలు వేసి, చామంతులు, మల్లెలు పెట్టిన సమాధుల మధ్య నిలబడి, తూరుపు ఎర్రబడేటప్పుడు అయ్యగారు "క్రీస్తు లేచెను" అంటే అందరం "నిజముగా లేచెను" అనేవాళ్ళం. నాయనమ్మ తాతయ్య సమాధి మీద చెయ్యి వేసి ఆ మాట అనేది.

అమ్మ వైపు సమాధుల దగ్గరికి వెళ్ళేది నవంబరు 2న. ముందు రోజు సకల పునీతుల పండుగ, మర్నాడు చనిపోయిన ఆత్మలందరి కోసం ప్రార్థన. అప్పటికి గాలిలో కొంచెం చలి ఉంటుంది. కొవ్వొత్తుల వరసలు సాయంత్రం వెలిగేవి. కతోలికులు అక్కడ చనిపోయినవాళ్ళ కోసం వేడుకుంటారు. నాయనమ్మ చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చేయదు, వాళ్ళు లేస్తారని దేవుణ్ణి స్తుతిస్తుంది. ఈ రెండూ ఒకటేనని నేను చెప్పను. తేడా ఉంది, ఆ తేడా కోసం మనుషులు ఒకప్పుడు ప్రాణాలు కూడా ఇచ్చారు. కానీ ఒకే సున్నం బకెట్టు మా ఇంట్లోంచి రెండు తోటలకీ వెళ్ళేది.

మా బాబాయ్ బ్రదరెన్ సహవాసంలో చేరాక మూడో లెక్క వచ్చింది. ఆయన క్రిస్మస్ చేయడు. నక్షత్రం కట్టడు, కొత్త బట్టలు కొనడు. "డిసెంబరు 25 బైబిల్లో ఎక్కడుంది అన్నయ్యా?" అని నాన్నని అడిగేవాడు. "లేదురా, రోములో 336 నాటికి చేస్తున్నట్టు పాత పత్రాల్లో ఉంది" అని నాన్న ఒప్పుకునేవారు. బాబాయ్ వాళ్ళు ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. "మాకు వారం వారం ఆయన మరణం, పునరుత్థానం ముందుంటాయి. ఏడాదికొకసారి గుర్తు చేయక్కర్లేదు" అనేవాడు. పండుగ లేకపోవడం అంటే భక్తి లేకపోవడం కాదని నాకు బాబాయ్‌ని చూశాకే తెలిసింది. వీధి చివర ఇంకో కుటుంబం శుక్రవారం పొద్దుగూకగానే పొయ్యి ఆర్పేసి, శనివారం సబ్బాతు పాటించేది. వాళ్ళు అడ్వెంటిస్టులు. నూజివీడు గిఫర్డ్ ఆసుపత్రిలో పనిచేసి వచ్చినవాళ్ళు.

నాన్న దగ్గర నేను నేర్చుకున్న ఇంకో సంగతి నవంబరు 7ది. గుంటూరులో ఆ రోజు కమ్యూనిస్టు పార్టీల వాళ్ళు ఎర్రజెండాలతో అక్టోబరు విప్లవ దినోత్సవం చేసేవారు. అక్టోబరు విప్లవం నవంబరులో ఏంటి అని అడిగాను. నాన్న పలక మీద రాసి చూపించారు. జూలియస్ సీజర్ కాలపు క్యాలెండర్లో ఏడాది నిడివి దాదాపు 11 నిమిషాలు ఎక్కువ. అది పేరుకుని పేరుకుని, వసంతకాలపు సమరాత్రి, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, అసలు తేదీ కన్నా ముందుకొచ్చేసింది. దాంతో ఈస్టర్ లెక్క తప్పుతోంది. 325లో బిషప్పులు కూడిన నైసియా సభ నుంచి వచ్చిన పద్ధతి ప్రకారం ఆ సమరాత్రి తర్వాత వచ్చే పున్నమి దాటాక, ఆదివారం నాడు ఈస్టర్ చేయాలి. పదమూడో గ్రెగొరీ పోపు గారు 1582లో అక్టోబరు 4 మర్నాడు అక్టోబరు 15 అని ప్రకటించి పది రోజులు తీసేశారు. పోపు చెప్పాడు కాబట్టే ‘మేం ఒప్పుకోం’ అన్న దేశాలు చాలా ఉన్నాయి. ఇంగ్లండు 1752 దాకా ఆగింది. రష్యా 1918 దాకా పాత లెక్కలోనే ఉంది. అప్పటికి తేడా 13 రోజులైంది. "ఈ పదమూడు రోజుల్ని గుర్తుంచుకో, పనికొస్తుంది" అన్నారు నాన్న.

పనికొచ్చింది. కువైట్‌లో.

నర్సింగ్ అయ్యాక అక్కడ ఒక ఆసుపత్రిలో చేరాను. అక్కడ ఆదివారం పనిదినం. కాబట్టి కువైట్ సిటీలోని చర్చి కాంపౌండ్‌లో మా తెలుగు ఆరాధన శుక్రవారం నడిచేది. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వచ్చి ఇళ్ళల్లో పనిచేసే అక్కలు, డ్రైవర్లు, నర్సులు. పక్క హాల్లో మలయాళం, ఇంకో దాంట్లో అరబ్బీ, ఫిలిప్పీన్స్ వాళ్ళ టగలాగ్. మట్టల ఆదివారాన్ని కూడా శుక్రవారమే చేసుకున్నాం. గుడ్ ఫ్రైడే ఒక్కటే మాకు సరైన రోజున, సెలవు రోజున దొరికే పండుగ. ఈస్టర్ ఆరాధన చీకటితో ముగించుకుని ఏడింటికల్లా డ్యూటీలో ఉండాలి.

మా వార్డులో ఈజిప్టు నుంచి వచ్చిన కాప్టిక్ సిస్టర్ ఒకామె ఉండేది. కాప్టులంటే ఈజిప్టులోని ప్రాచీన క్రైస్తవ సంఘం వాళ్ళు. మణికట్టు లోపలి వైపు చిన్న సిలువ పచ్చబొట్టు. వాళ్ళ క్రిస్మస్ జనవరి 7. డిసెంబరు 25కి 13 కలిపి చూసుకోండి. నాన్న పలక గుర్తొచ్చి నేను వెంటనే చెప్పేశాను, ఆమె ఆశ్చర్యపోయింది. మొదటి ఏడే మా ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. డిసెంబరు 25న నా డ్యూటీ ఆమె చేస్తుంది, జనవరి 6 రాత్రీ 7 పగలూ ఆమెది నేను చేస్తాను. తేదీలు వేరు కాబట్టే ఇద్దరికీ పండుగ దక్కింది.

2008లో మా ఈస్టర్ మార్చి 23నే వచ్చేసింది. వాళ్ళది ఏప్రిల్ 27. నేను కేకు తీసుకెళ్ళేసరికి ఆమె 55 రోజుల ఉపవాసంలో మూడో వారంలో ఉంది. మాంసం, పాలు, గుడ్లు ఏవీ ముట్టదు. ఏప్రిల్ చివర్లో ఆమె పంచదార పొడి జల్లిన కహ్క్ బిస్కెట్లు డబ్బా నిండా తెచ్చింది. అప్పటికి నేను ఈస్టర్ మరిచిపోయి నెల దాటింది. నర్సుల స్టేషన్లో ఆమె "ఖ్రిస్తోస్ ఆనెస్తి" అని గ్రీకులో పలకరించింది. నేను "నిజముగా లేచెను" అని తెలుగులో జవాబిచ్చాను. అర్థం తనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

వాళ్ళ సంవత్సరాది సెప్టెంబరులో. రోమా చక్రవర్తి డయొక్లీషియన్ గద్దెనెక్కిన 284 నుంచి వాళ్ళు ఏళ్ళు లెక్కపెడతారు. ఆయన కాలంలో ఈజిప్టులో క్రైస్తవుల్ని ఊచకోత కోశారు. ఆ హతసాక్షుల పేరు మీదే ఆ శకం. సంవత్సరాదికి ఎర్ర ఖర్జూరాలు, జామకాయలు తింటారు. ఖర్జూరం ఎరుపు రక్తానికి, లోపలి తెలుపు స్వచ్ఛతకి, గట్టి గింజ చెదరని విశ్వాసానికి అని ఆమె ఒలిచి చూపించింది. అది 2007 సెప్టెంబరు 12. అదే రోజున ఇతియోపియా వాళ్ళకి 2000 సంవత్సరం మొదలైంది! మన లెక్కకన్నా వాళ్ళది ఏడెనిమిదేళ్ళు వెనక. మా తెలుగు అక్కలతో కలిసి ఒకే ఇంట్లో వంటా వార్పూ చేసే ఇతియోపియా అమ్మాయిలు ఆ శుక్రవారం అంచుకి సిలువలు కుట్టిన తెల్లటి బట్టలు కప్పుకుని వచ్చారు. ఆ వారమే రంజాన్ కూడా మొదలైంది. వాళ్ళ తెల్లబట్టలు చూసి మా కడప అక్క ఒకామె "అచ్చం మన గుడ్ ఫ్రైడే లాగుందే" అంది.

ఆ రోజుల్లోనే నాకొకటి బాగా అర్థమైంది. ఒక సంఘం క్యాలెండర్ చూస్తే వాళ్ళు ఎవరిని మర్చిపోకూడదనుకున్నారో తెలిసిపోతుంది. కాప్టులకి చంపబడ్డవాళ్ళు. అమ్మమ్మకి మరియమ్మ తల్లీ పునీతులూ. నాయనమ్మకి గుంటూరుకి చదువు తెచ్చిన దొరగారు. బాబాయ్‌కి ఆ ఒక్క రొట్టె, ఆ ఒక్క గిన్నె. అందుకే అందరి తేదీలూ ఒక్కటి చేసేయాలి అని ఎవరైనా తేలిగ్గా అన్నప్పుడు నాకు మనసొప్పదు.

అయితే ఈస్టర్ సంగతి వేరు. అది ఒక్క రోజున జరగాలనే నేను కోరుకుంటాను. 2010లో ఏప్రిల్ 4న రెండు ఈస్టర్లూ కలిశాయి. మా వార్డులో పెద్ద టెన్షన్. నాకూ సెలవు కావాలి, ఆమెకీ కావాలి, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కతోలిక సిస్టర్‌కీ కావాలి. చివరికి మా పాలస్తీనా సిస్టర్ ఆ ఉదయం మా ముగ్గురి పేషంట్లనీ తనే చూసుకుంటానంది. తెల్లవారుజామున ముగ్గురం మూడు గుళ్ళకి వెళ్ళొచ్చి, ఒకే టేబుల్ దగ్గర టిఫిన్ చేశాం. ఆమె ఉపవాసం ముగిసింది, నాది ముగిసింది, ఎవరూ ఎవరి కోసం ఆగక్కర్లేదు. అంత ఆనందంగా నేను ఎప్పుడూ ఈస్టర్ చేసుకోలేదు.

నైసియా సభకి 1700 ఏళ్ళు నిండిన 2025లో కూడా ఏప్రిల్ 20న అందరికీ ఒకే ఈస్టర్ వచ్చింది. ఒకే తేదీ పెట్టుకుందామని ఫ్రాన్సిస్ పోపు గారు ఎన్నోసార్లు అడిగారు. ఆ ఈస్టర్ మర్నాడే ఆయన కన్నుమూశారు. 2026లో మళ్ళీ ఏప్రిల్ 5, 12గా విడిపోయాయి. 2027లో మార్చి 28, మే 2. మళ్ళీ కలిసేది 2028 ఏప్రిల్ 16న.

ఆ ఏడు మా కాప్టిక్ సిస్టర్ గుంటూరు వస్తానంటోంది. ఉద్యోగం మానేసి ఈజిప్టులోని మినియాలో ఉంటోంది ఇప్పుడు. శనివారం రాత్రి ఫిరంగిపురం, తెల్లవారుజామున మా సమాధుల తోట రెండూ చూడాలట. దారిలో స్కూటర్ కాకుండా కారు మాట్లాడదామన్నాను. అమ్మకి ఈ సంగతి చెబితే మొదట అడిగింది ఆమె 55 రోజుల లెక్క గురించే. ఆ పొద్దున్నకి ఉపవాసం అయిపోతుందని నేను చెప్పాక, "అయితే మటన్ గోంగూర చేస్తాను, కారం తినగలదో లేదో ముందే కనుక్కో" అంది. వాట్సాప్‌లో అడిగాను. తింటానంది.